కుక్కకి తిండి ఎవరు పెడుతున్నారు?

గుమ్మం బయట ఎవరో బకెట్టుతో నీళ్లు పెట్టి ఉంచారు. యూదుల ఆచారంలో శ్మశానం నుంచి వచ్చినవాళ్లు చేతులు కడుక్కోకుండా లోపలికి రాకూడదు. అన్షెల్ వంగి, చెంబుతో కుడిచేతి మీద, ఎడమచేతి మీద నీళ్లు పోసుకుని, తుడుచుకోకుండానే లోపలికి నడిచాడు. తుడుచుకోకూడదన్న సంగతి ఆ చేతులకే గుర్తుంది. ఆయన మరిచిపోయి చాలా ఏళ్లయింది.

నాలుగో అంతస్తులో రెండు గదుల ఇల్లు. కిటికీలోంచి చూస్తే పెల్హామ్ పార్క్‌వే రోడ్డు మీద కార్లు, చెట్ల కింద బెంచీలు, బెంచీల మీద ముసలివాళ్లు. దుఃఖం ఉన్న ఇంట్లో ముఖం చూసుకోకూడదని హాల్లో అద్దానికి దుప్పటి కప్పేశారు. కుట్టుమిషను మీద కూడా ఓ దుప్పటి ఉంది గాని, అది అక్క ఫ్రుమా తన చేత్తో కప్పినది. ఆదివారం తెల్లవారుజామున ఆసుపత్రికి వెళ్లబోతూ మిషను కప్పి, గ్యాసు కట్టేసి, మెట్లు తనే దిగిందట. సాయంత్రానికి పోయింది. సోమవారం మధ్యాహ్నానికి మట్టిలో పెట్టి వచ్చారు.

అంత్యక్రియలవాళ్లు తెచ్చి పడేసిన పొట్టి చెక్కపీట మీద అన్షెల్ కూచున్నాడు. మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. కాళ్లకు తోలు చెప్పులుండకూడదని ఎవరో గుడ్డబూట్లు ఇచ్చారు, ఒక సైజు పెద్దవి. దుఃఖానికి గుర్తుగా కోటు కుడి అంచుకి శ్మశానం దగ్గర బ్లేడుతో గాటు పెట్టి, మిగతాది ఆయన చేతే చింపించారు. ఆ చిరుగు వంకరగా పోయింది. నలభై ఏళ్లు ఆడవాళ్ల కోట్లకు కాజాలు కుట్టిన ఫ్రుమా చూసి ఉంటే, బ్లేడు పట్టినవాణ్ణి నాలుగు తిట్టేది.

తలుపు గడియ పెట్టలేదు. దుఃఖం పాటించే ఏడు రోజులూ పెట్టకూడదు. ఒక్కొక్కరే తలుపు తోసుకుని వచ్చి కూచోవడం మొదలుపెట్టారు. పక్కవాటాలో ఉండే జిరెల్ ఒక పళ్లెంలో ఉడకబెట్టిన గుడ్లు, గుండ్రటి రొట్టె తెచ్చి ఆయన ఒళ్లో పెట్టినంత పని చేసింది. కింద అంతస్తు ఫైన్ గారి భార్య మెనూఖా ఆయాసపడుతూ వచ్చి కుర్చీలో కూలబడింది. ప్రార్థనామందిరంలో ముప్పై ఏళ్లు దీపాలూ పుస్తకాలూ చూసుకుని విరమించిన సోస్నిక్ గారు తలుపు పక్కన గోడకి ఆనుకుని కూచున్నారు. నమస్కారాల్లేవు, పలకరింపుల్లేవు. మెనూఖా ఒకసారి "అయ్యో..." అంటూ నోరు తెరవబోయింది. సోస్నిక్ గారు వేలు పెదాలకి ఆనించారు. ఆవిడ నోరు మూసేసింది.

అన్షెల్ అది చూశాడు.

మౌనం ఆయనకు కొత్తేమీ కాదు. ఒక విధంగా అదే ఆయన్ని ఇన్నేళ్లు పోషించింది. రైల్లో ఒక పగలంతా ప్రయాణం చేస్తే వచ్చే ఊళ్లో, యూనివర్సిటీలో సమాజశాస్త్రం చెబుతాడు. బొగ్గు గనులు మూతపడ్డ ఊళ్లలో, ఓడరేవుల్లో, ముసలివాళ్లు నెలల తరబడి అద్దెకుండే చవక హోటళ్లలో జనం చేత మాట్లాడించి పుస్తకాలు రాశాడు. ప్రతి ఏడూ కొత్త విద్యార్థులకు ఒకటే చెబుతాడు. "ఒక్క ప్రశ్న వెయ్యండి. వేసి నోరు కట్టేసుకోండి. మీకు చెమటలు పట్టినా సరే, మీరు మాట్లాడొద్దు. అవతలివాడు ఆ నిశ్శబ్దం మొయ్యలేక ఏదో ఒకటి అంటాడు. అదే మీక్కావలసిన మాట." ఆయన వెనకాల కుర్రాళ్లు ఆయన్ని అనుకరించేవాళ్లు. ముందుకు వంగి, చేతులు మోకాళ్ల మధ్య ఇరికించి, రెప్ప వెయ్యకుండా చూడటం.

ఇప్పుడూ అలాగే కూచున్నాడు. ఆయనక్కావలసింది పెద్దదేం కాదు. ఫ్రుమా గురించి ఎవరైనా ఏదైనా చెబితే చాలు. అక్క టీ గాజుగ్లాసులోనే తాగుతుందని తెలుసు. పళ్ల మధ్య చక్కెర ముక్క పెట్టుకుని తాగుతుందని తెలుసు. ఇరవై ఏళ్లుగా ప్రతి శుక్రవారం పొద్దుకుంకకముందు తను ఫోను చేసేవాడు. "ఎలా ఉన్నావక్కా?" "ఉన్నాను. తిన్నావా?" "తిన్నాను. విశేషాలేంటి?" "నాకేం విశేషాలుంటాయిరా? నువ్వు చెప్పు." "ఏం లేవు. పనే." అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల అవతల అక్క ఎవరితో ఉండేది, ఏం చేసేది, ఒంటరిగా ఏడ్చేదా, ఏమీ తెలియదు. తెలిసినవాళ్లందరూ ఇదుగో, ఈ గదిలో ఎదురుగా కూచుని ఉన్నారు.

ఆయన చూశాడు. వాళ్లూ చూశారు. గాజుగ్లాసులో ఏడు రోజుల దీపం చిటపటమంది. వీధిలో ఎవడో కారు హారను ఆపకుండా మోగించాడు. ఎంతోసేపటికి ఒక్కొక్కరే లేచి ఆయన ముందు నిలబడి, "సీయోను దుఃఖితులందరితో పాటు నిన్నూ దేవుడు ఓదార్చుగాక" అని గొణిగి, వెళ్లొస్తామని కూడా అనకుండా వెళ్లిపోయారు.

మంగళవారం కూడా అంతే. పొద్దునా సాయంత్రం పదిమంది మగవాళ్లు వచ్చి ప్రార్థన చదివారు. అన్షెల్ చనిపోయినవాళ్ల కోసం చదివే మాటలు చూసి చదివాడు. వాళ్లు "ఆమెన్" అన్నారు. పుస్తకం మూయగానే మళ్లీ నోళ్లు మూతబడ్డాయి. జిరెల్ వచ్చి నిన్నటి పళ్లెం తీసి, మిగిలిన గుడ్లను, ఆయన ముఖాన్ని మార్చి మార్చి చూసి, పప్పుచారు గిన్నె పెట్టి కూచుంది. డెబ్బై దాటిన మనిషి. పెద్ద చేతులు. ఆ చేతులు ఊరికే ఉండలేక కుర్చీ చేతిమీద లేని దుమ్ముని తుడుస్తున్నాయి. కళ్లు మాత్రం ఆయన మీదే ఉన్నాయి.

మధ్యాహ్నానికి అన్షెల్‌కు అర్థమైందనిపించింది. ఒకడు గీత దాటితే ఊరంతా కలిసి వాడితో మాట మానేస్తుంది. కొట్టరు, తిట్టరు, అన్నం కూడా పెడతారు, మాట మాత్రం ఇవ్వరు. గనుల ఊళ్లో సమ్మె విరిచినవాడికి జరిగింది అదే. దాని మీద తనే ఒక అధ్యాయం రాశాడు. ఇప్పుడు తనకి జరుగుతోంది. ముసలి అక్కని నాలుగో అంతస్తులో వదిలేసి అయిదు నిమిషాల ఫోనుతో సరిపెట్టుకున్నవాడు. పోయాక టాక్సీలో దిగినవాడు. నిన్న వాళ్లు బకెట్టులో నీళ్లు పెట్టారు, గుడ్లు పెట్టారు. అదంతా ఫ్రుమా కోసం.

తప్పుపట్టలేకపోయాడు. తప్పుపట్టగలిగితే కొంచెం సుఖంగా ఉండేదేమో.

ఆ రాత్రి అక్క మంచం మీద పడుకోలేక సోఫాలో ముడుచుకున్నాడు. ఈ రోజుల్లో చాలామంది మూడు రోజులతో సరిపెడుతున్నారు. బుధవారం సాయంత్రం ప్రార్థన కాగానే రైలెక్కితే గురువారం క్లాసుకి అందుకోవచ్చు. తాళం చెవి జిరెల్‌కి ఇచ్చేస్తే సరి. ఇస్తున్నప్పుడైనా ఆవిడ ఏమైనా అంటుందేమో.

బుధవారం మధ్యాహ్నం ముగ్గురూ వచ్చి కూచున్నారు. కాసేపటికి జిరెల్ టీ పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్లింది. ఆవిడ వెనక మెనూఖా, వాళ్లని కనిపెట్టుకుని ఉండటానికన్నట్టు సోస్నిక్ గారు వెళ్లారు. గదిలో తనొక్కడే మిగిలాడు. కాళ్లు తిమ్మిరెక్కి, గోడ పట్టుకుని లేచి, ముఖం కడుక్కుందామని నడవాలోకి వెళ్లాడు. వంటింటి తలుపు సరిగా మూసుకోదు.

"మూడో రోజు!" మెనూఖా గొంతు. "ఒక్క మాటంటే ఒక్క మాట రాలేదు ఆయన నోట్లోంచి. సొంత అక్క పోతే ఒక్క మాట లేదా?"

"మెల్లిగా ఏడువు." సోస్నిక్ గారి గొంతు.

"ఎలా చూస్తున్నాడో చూశావా? జంతుప్రదర్శనకి వచ్చినట్టు. నేనేమన్నా కోతినా?"

"కోతివైతే కాస్త చురుగ్గా ఉండేదానివి." అది జిరెల్.

"నవ్వులాటగా ఉందా? బాయిలరు సంగతి నా గొంతు దాకా వచ్చి కూచుంది. చెప్పకపోతే ఇక్కడే పగిలిపోతాను."

"పగిలిపో," అన్నారు సోస్నిక్ గారు. "దుఃఖంలో ఉన్నవాడు నోరు తెరిచేదాకా వచ్చినవాడు నోరు తెరవకూడదు. నాకంటే ముందునుంచీ ఉన్న పద్ధతి. నీ బాయిలరు కోసం మారుస్తారా?"

"అసలు తెరవకపోతే?"

"ఆదివారం దాకా కూచుంటాం. నా మోకాళ్లు పోతే పోనీ."

"చదువుకున్నాయన. మనతో మాట్లాడితే నోరు మాసిపోతుందనుకుంటున్నాడేమో."

"అదేమో గాని," జిరెల్ గొంతు తగ్గించింది, "నాకు ఆ కుక్క సంగతి అడగాలనుంది."

ఇద్దరు ఆడవాళ్లూ కొంగు అడ్డం పెట్టుకున్నట్టుగా, బిగబట్టి నవ్విన చప్పుడు. సోస్నిక్ గారు ఉష్ అన్నారు.

అన్షెల్ నడవాలో నిలబడిపోయాడు. కుక్కెవరిదో ఆయనకు తెలియదు. మిగతాది మాత్రం చెవుల్లోంచి కిందికి, గుడ్డబూట్ల దాకా దిగింది. ఆ పద్ధతి ఆయనకి తెలియకపోవడమేమిటి? ప్రతి ఏడూ రెండో వారంలో పాఠం చెబుతాడు. "ఓదార్చడానికి వచ్చినవాడు ముందు మాట్లాడకూడదు. అధికారం దుఃఖంలో ఉన్నవాడిది." బల్ల మీద వేలితో తట్టి మరీ చెబుతాడు. నాన్న పోయినప్పుడు, అమ్మ పోయినప్పుడు ఈ పీటల మీదే కూచున్నాడు. కాని అప్పుడు పక్కపీట మీద ఫ్రుమా ఉంది. వచ్చినవాళ్లు కుర్చీలో సర్దుకోకముందే ఆవిడ అందుకునేది. ఆయన కోసం ఎవరూ ఆగవలసిన అవసరం రాలేదు. ఇప్పుడు ఆ పీట లేదు. మూడు రోజులుగా ఆయన వాళ్ల కోసం, వాళ్లు ఆయన కోసం. ముందుకు వంగి, చేతులు మోకాళ్ల మధ్య ఇరికించుకుని.

ముఖం కడుక్కోకుండానే వెనక్కి వచ్చి పీట మీద కూచున్నాడు. ముగ్గురూ టీ గ్లాసులతో వచ్చి కూచున్నారు. జిరెల్ ఒక గ్లాసు ఆయన పక్కన నేల మీద పెట్టింది.

ఏం చెప్పాలి? జీవితమంతా ఎదుటివాళ్ల చేత చెప్పించుకున్నవాడు. టీ ఒక గుక్క తాగాడు. కాలింది.

"మా అక్క," అన్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు. "మా అక్క నవ్వడం నేను ఎక్కువ చూడలేదు."

మెనూఖా రెండు చేతులూ గాల్లోకి విసిరింది.

"నవ్వదా! ఫ్రుమానా! వింటున్నావా జిరెల్? బట్టలుతికే గదిలో అది నవ్వుతుంటే వీధిలో పావురాలు లేచిపోయేవి నాయనా!"

"పావురాలెందుకు, మా ఆయన లేచేవాడు. అదీ చెవుడున్నవాడు," అంది జిరెల్.

"బాయిలరు చెప్పు," అన్నారు సోస్నిక్ గారు, పెద్దమనసుతో.

"నేనే చెబుతాను, ఎవరూ అడ్డురాకండి!" మెనూఖా కుర్చీని ముందుకి లాక్కుంది. "పెద్ద చలికాలం. ఇళ్లన్నిటినీ వెచ్చబెట్టే బాయిలరు పోయింది. ఇంటి ఓనరుకి చెప్పాం, చెప్పాం, వాడు రేపు, ఎల్లుండి. మీ అక్క ఏం చేసిందో తెలుసా? రెండు బస్సులు మారి వాడింటికెళ్లింది. కోటు, టోపీ, చేతితొడుగులు, ఏదీ తియ్యకుండా వాడి సోఫాలో కూచుంది. 'మా ఇంట్లో చలిగా ఉందండీ. వెచ్చబడ్డాక వెళ్తాను' అంది. వాడి పెళ్లాం భోజనానికి పిలిస్తే భోంచేసింది కూడా! సూపులో ఉప్పు తక్కువైందని చెప్పి మరీ వచ్చింది!"

"చీకటిపడకముందే బాయిలరు పనిచేసింది," అన్నారు సోస్నిక్ గారు. "దేవుడు వినని మొరలు కూడా ఆవిడ వినిపించేది."

అన్షెల్ మాట్లాడలేదు. ఈసారి ఆయన మౌనానికి ఎవరూ భయపడలేదు. ఒకరి మాట మీద ఒకరు ఎక్కి తొక్కుతూ చెప్పుకుపోయారు. సమ్మెలో పోలీసు గుర్రానికి తన రొట్టె తినిపించి దాన్ని కదలకుండా చేసిన ఫ్రుమా. పేకాటలో మోసం చేసి, గెలిచాక తనే ఒప్పేసుకునే ఫ్రుమా. ఎవరింట్లో పురుడొచ్చినా పసిబిడ్డ చొక్కాకి తనే కాజాలు కుడతానని పోట్లాడే ఫ్రుమా. వాళ్లు చెబుతున్న ఆ మనిషిని ఆయన ఎప్పుడూ కలవలేదు. కలవాలనిపించింది. ఆదివారం దాకా బతికే ఉందని గుర్తొచ్చి, గ్లాసు కింద పెట్టేశాడు.

"అన్నట్టు," అంది మెనూఖా, కళ్లు తుడుచుకుంటూ. "నువ్విక్కడ ఉంటే కుక్కకి తిండి ఎవరు పెడుతున్నారు?"

సోస్నిక్ గారు తన బూట్లు చూసుకున్నారు. జిరెల్ చేతులు కుర్చీ చేతిమీద ఆగిపోయాయి.

ఏ కుక్క, అని నాలుక చివరిదాకా వచ్చింది.

"కెప్టెన్‌కి," అంది మెనూఖా మళ్లీ. "చాలా తిండిపోతని చెప్పేది ఫ్రుమా. నువ్వు శుక్రవారం ఫోను చేసినప్పుడల్లా అది పక్కన మొరిగేదట కదా. గవర్నరుగారి విందులో బల్ల కిందికి దూరి మాంసం లాగేసిందట కదా?"

ఆయన ఇంట్లో ప్రాణమున్నది కిటికీలోని ఒక మొక్క. అదీ వాడిపోతోంది. గవర్నరుని ఆయన పత్రికలోనే చూశాడు. 'ఏం లేవు. పనే.' అన్న నాలుగు ముక్కలు పట్టుకుని అక్క ఈ తలుపుకీ ఆ తలుపుకీ తిరిగింది. నాలుగు ముక్కలు చాలక మిగతాది తనే అల్లింది. ఓసారి ఒక విద్యార్థి గదిలో కూచుని లేని మనుషులతో సంభాషణలు కల్పించి రాసుకొస్తే, వాణ్ణి యూనివర్సిటీ నుంచే పంపించేయించాడు. ఆ కుర్రాడు ఏడుస్తూ, అందరూ నా ముఖాన తలుపులు వేసేశారు సార్, ఏం రాయను, అన్నాడు. అప్పుడు ఆ మాట చెవికెక్కలేదు.

ముగ్గురూ ఆయన్నే చూస్తున్నారు.

"పక్కింటావిడ పెడుతోంది," అన్నాడు అన్షెల్.

"పియానో నేర్పే ఆవిడా?" అంది మెనూఖా.

"ఆవిడే."

జిరెల్ చేతులు మళ్లీ కదిలాయి. "మంచిదే," అంది. "టీ చల్లారిపోతోంది, తాగు."

ఆ సాయంత్రం రైలు సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, ఎక్కలేదు కూడా.

శుక్రవారం పొద్దు వాలుతుండగా ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోయారు. విశ్రాంతి దినానికి దీపాలు వెలిగించుకోవాలి. మెట్ల మీద ఉల్లిపాయలు వేగే వాసన, తలుపుల వెనక గిన్నెల చప్పుళ్లు. అన్షెల్ వంటింట్లోకి వచ్చాడు. ఫోను గోడకి ఉంది. ఆయన ఫోను చేసే వేళే అది. అక్క నిలబడి మాట్లాడేదనుకునేవాడు, అందుకే త్వరగా ముగించేవాడు. ఫోను కింద కుర్చీ ఉంది. ఒకటి కాదు, రెండున్నాయి. ఒకదాని మీద అరిగిపోయిన దిండు. రెండోది దానికి ఎదురుగా, ఎవరో కూచుని వింటున్నట్టు.

దిండు ఉన్న కుర్చీలో కూచున్నాడు. ఫోను మోగదని తెలుసు. వెలుగు గోడ మీంచి పొయ్యి మీదికి, అక్కణ్ణించి నేల మీదికి జారేదాకా కూచున్నాడు. మొదటిసారి ఈ వైపు నుంచి విన్నాడు ఆ వేళని.

ఆదివారం పొద్దుటి ప్రార్థన కాగానే సోస్నిక్ గారు వచ్చి ఎదురుగా నిలబడ్డారు.

"లే," అన్నారు.

అన్షెల్ లేచాడు. సోస్నిక్ గారు అద్దం మీది దుప్పటి లాగేశారు. గడ్డం పెరిగిన ముసలివాడు అద్దంలోంచి చూశాడు. కోటు అంచు వేలాడుతోంది. జిరెల్ కుట్టుమిషను మీది గుడ్డ ఎత్తి, సొరుగులోంచి నల్లదారం ఎక్కించి ఉన్న సూది తీసింది. ఎక్కించింది ఫ్రుమాయే.

"కదలకు," అని, ఆయన గుండె మీద చెయ్యి పెట్టి, చిరుగుని దగ్గరకి లాగి పెద్ద పెద్ద కుట్లు నాలుగు వేసింది. పళ్లతో దారం తెంపింది. "తోడబుట్టినదానికి ఏడు రోజులకి ఇలా పైపైన. గట్టిగా కుట్టాల్సింది ముప్పై రోజులకి. అక్కడ నీకెవరు కుడతారు, కుక్కా?"

ఆయన ముఖం చూసి, సూదిని తన చొక్కాకే గుచ్చుకుంది.

"పద. ఏడు రోజులూ అయ్యాక వీధి చుట్టూ ఒకసారి తిరిగి రావాలి."

సోస్నిక్ గారు మోకాళ్ల పేరు చెప్పి మెట్ల దగ్గర ఆగిపోయారు. ఇద్దరే దిగారు. ఏడు రోజుల తర్వాత ఎండ కళ్లలో గుచ్చుకుంది. బేకరీ ముందు జనం బారులు తీరి ఉన్నారు. ఒక మలుపు తిరిగాక జిరెల్ నడక తగ్గించింది.

"మాకు తెలుసు," అంది అప్పుడు.

"ఏమిటి?"

"కుక్క లేదని. ఒక వారం అది మగది, ఇంకో వారం పిల్లల్ని పెట్టింది. మేం తెలివితక్కువవాళ్లమా?" ఆవిడ గస పెడుతూ నవ్వింది. "సోస్నిక్‌కి కూడా తెలుసు. దాని కోసమే శుక్రవారం ఆగి మరీ ఇంటికెళ్లేవాడు, ఈ వారం కెప్టెన్ ఏం చేశాడో విని."

అన్షెల్ ఆవిడ వైపు తిరిగాడు. "మరి నన్నెందుకు అడిగారు?"

"ఏమంటావో చూద్దామని. మా అక్క అబద్ధాలకోరు అంటావేమోనని." చేతిసంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. "నేను ఎదురుకుర్చీలోనే ఉండేదాన్ని నాయనా. అటు నువ్వు ఫోను పెట్టేసేవాడివి. ఇటు ఫ్రుమా రిసీవరు చెవికి ఆనించుకుని, ఇంకో పావుగంట మాట్లాడేది. నా ఎదురుగానే. నేను చూస్తున్నానని దానికీ తెలుసు. 'అలాగా? తర్వాతేమైందిరా?' అనేది. నేను బఠాణీలు వలుస్తూ వినేదాన్ని."

రెండో మలుపు తిరిగారు. బెంచీ మీది ముసలివాళ్లు ఆయన కోటు మీది కుట్లు చూసి తల దించారు. ఎవడో పిల్లవాడికి సైకిలు నేర్పుతున్నాడు. గుడ్డబూట్లు తపతపమంటున్నాయి. అన్షెల్ కోటు అంచు మీద చెయ్యి పెట్టుకుని నడిచాడు. దారం గరుగ్గా తగిలింది.

ఆవిడ ఏదో అంటుందని ఎదురుచూశాడు. ఏమీ అనలేదు. కొంచెం ముందుకి వంగి, సంచి పొట్టకి ఆనించుకుని, ఆయన వైపు చూస్తూ నడుస్తోంది. ఏమీ అడగలేదు. మూడో మలుపు వచ్చింది. దాని తర్వాత ఇంకొక్కటే ఉంది.

"ఈ వారం," అన్నాడు అన్షెల్.

ఆవిడ ఆగింది.

"ఈ వారం కెప్టెన్ పియానో కిందికి దూరి, ఎంత లాగినా రావట్లేదు."

"అలాగా?" అంది జిరెల్. "తర్వాతేమైంది?"